మామూలు పాత కారు బాగా ఉంటే కొనొచ్చా? ఏం చూసి కొనాలి?

పేరున్న స్పోర్ట్స్ కారు కాదు, కొద్ది సంఖ్యలో తయారై ఆగిపోయిందీ కాదు. ఒకప్పుడు కుటుంబాలు రోజూ వాడుకున్న కారు. నలభై యాభై ఏళ్లు దాటినా రంగు, సీట్లు, అద్దాలు చాలావరకు కంపెనీ ఇచ్చినవే ఉన్నాయి. అలాంటిది అమ్మకానికి వస్తే కొనొచ్చు. కాకపోతే బాడీ గట్టిగా ఉండాలి, సామాను పూర్తిగా ఉండాలి. ఇంజన్ సంగతి ఆ తర్వాతే.

ఎందుకంటే, ఎక్కువగా అమ్ముడైన కార్లకు ఇంజన్ సామాను దొరుకుతుంది. మోరిస్ మైనర్ 1948 నుంచి 1971 వరకు 16 లక్షలకు పైగా తయారైంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 2003లో ఆగేసరికి 2 కోట్ల 10 లక్షలు దాటింది. ఇలాంటి వాటికి పిస్టన్ రింగులు, బ్రేక్ రబ్బర్లు, గ్యాస్కెట్లు కొత్తవి ఇప్పటికీ చేస్తున్నారు. దొరకనివి వేరే ఉన్నాయి. వెనక లైటు అద్దం, తలుపు మీది క్రోమ్ పట్టీ, డాష్‌బోర్డు నాబ్‌లు, కిటికీ బీడింగ్. మోడల్ ఆగిపోయాక ముందు కరువయ్యేవి ఇవే. అందుకే కారు చుట్టూ తిరిగి, లేనివేమిటో రాసుకోండి. ఆ జాబితా పొడవైతే బేరం దాకా వెళ్లనక్కర్లేదు.

ఇంకొకటి. రేకు పనికి, పెయింటింగుకి, సీట్ల పనికి ఖరీదైన కారుకు ఎన్ని గంటలు పడతాయో మామూలు కారుకూ దాదాపు అన్నే పడతాయి. అరుదైన కారైతే ఆ ఖర్చు మళ్లీ అమ్మినప్పుడు కొంతైనా తిరిగొస్తుంది, మామూలు కారుకు సాధారణంగా రాదు. కాబట్టి పాడైన కారును చవగ్గా కొని బాగుచేయించడం కంటే, చెడకుండా ఉన్నదాన్ని ఎక్కువ పెట్టి కొనడమే నయం. లాభానికి అమ్ముదామనే ఆలోచన ఉంటే మాత్రం ఈ కార్ల జోలికి రావద్దు.

ఇక తుప్పు. చూడ్డానికి పగటి వెలుతురులో, కారు పొడిగా ఉన్నప్పుడే వెళ్లండి. తడి బాడీ మీద పాత పెయింటూ కొత్త పెయింటూ ఒకేలా మెరుస్తాయి. పల్చటి అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి, తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె భాగం మీద, చక్రాల పైని వంపుల మీద, తలుపుల అడుగు అంచు మీద నెమ్మదిగా జరపండి. ఒకచోట గట్టిగా పట్టి, పక్కనే జారిపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టే. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. కంపెనీ పెయింట్ మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. మళ్లీ వేసిన పెయింట్ 200 నుంచి 300 దాకా చూపిస్తుంది. అంకె వెయ్యి దాటితే కింద పుట్టీ తప్పదు.

తర్వాత లోపలి కార్పెట్ ఎత్తి చూడండి. డ్రైవర్ కాళ్ల దగ్గర, బ్యాటరీ పెట్టే పళ్లెం కింద, డిక్కీలో స్టెపినీ గుంటలో నీళ్లు నిలుస్తాయి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా పలికి లోపలికి నొక్కుకుపోతుంది. కింద కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే తుప్పు దాచడానికేమో, ఎందుకు కొట్టారో అడగండి. సస్పెన్షన్, స్ప్రింగుల పట్టీలు బాడీకి బిగించే చోట తుప్పు పట్టి ఉంటే ఆ కారు వద్దు. విడి షాసీ, అంటే కింది చట్రం, లేని కార్లలో బరువంతా మోసేది ఆ రేకే. తలుపు తెరిచి కొద్దిగా పైకి లేపి చూడండి. బాగా కదిలితే హింజ్ (తలుపు బందు) పిన్ను అరిగిందేమో, హింజ్ బిగించిన స్తంభం కుళ్లిందేమో తేల్చుకోండి. పిన్ను చిన్న పని. స్తంభం పెద్ద పని.

ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు రండి. స్టార్ట్ కాగానే కొద్దిగా నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు అరిగినట్టు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు. వేడెక్కాక కూడా తెల్లటి ఆవిరి తగ్గకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ పుట్టించే ఒత్తిడి, చూడాలి. ఇంజన్ వేడి మీద ప్లగ్గులన్నీ తీసి, స్పార్క్ రాకుండా కాయిల్ వైరు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి సెల్ఫ్ కొట్టండి. పాత ఇంజన్లలో గేజి మీద 120 నుంచి 160 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం) మధ్య వస్తే మంచిదే. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అది 10 శాతం దాటకూడదు. తక్కువ వచ్చిన దాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులో బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. పెరక్కపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు, లేదా గ్యాస్కెట్ పోయింది.

తక్కువ కిలోమీటర్లు తిరిగిందని మురిసిపోవద్దు. ఏళ్ల తరబడి కదలని కారులో బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమతో వీల్ సిలిండర్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. బ్రేక్ గొట్టాలు లోపల ఉబ్బడంతో, పెడల్ వదిలినా బ్రేకులు చక్రాన్ని పట్టుకునే ఉంటాయి. పెట్రోల్ చెడి కార్బురేటర్ జెట్లలో (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాల్లో) జిగురుగా గడ్డకడుతుంది. టైరు పక్కన DOT అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2316 అంటే 2016లో 23వ వారం. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కు ముందుది. పదేళ్లు దాటితే బటన్ (టైరు మీది గాడుల లోతు) ఎంతున్నా పారేయాల్సిందే.

కాగితాల్లో షాసీ నంబరు, ఇంజన్ నంబరు కారు మీది వాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. తేడా ఉంటే అక్కడితో ఆపేయండి.

కొన్నాక వెంటనే రోడ్డెక్కించకండి. చాలాకాలం ఆగిన ఇంజనైతే ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచా ఆయిల్ పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున క్రాంక్ పుల్లీని స్పానర్‌తో చేత్తో తిప్పండి. సులువుగా తిరిగాకే, ప్లగ్గులు లేకుండానే, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. తర్వాత ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, ఫ్యాన్ బెల్టు, పెట్రోల్ పైపులు, బ్రేక్ గొట్టాలు, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరును మెత్తబరిచి పగలగొడుతుంది, కాబట్టి దానికి తట్టుకునే పైపులే వేయించండి. వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా కదిలించే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనైతే అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్కపెట్టకుండా మార్చేయాలి. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి.

ఆ తర్వాత రెండు వారాలకోసారైనా అరగంట, ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా నడపండి. నిలబెట్టి ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపితే లాభం కంటే నష్టమే ఎక్కువ. సైలెన్సర్‌లో, ఇంజన్ ఆయిల్‌లో చేరిన నీటి ఆవిరి బయటికి పోదు. కప్పడానికి ప్లాస్టిక్ పట్టా వాడకండి, గాలి ఆడే బట్ట కవరే వేయండి.