డాబా మీద రేకుల గది: ఎండకూ గాలికీ నిలిచేలా

5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోల పైనే తూగుతుంది. అర మిల్లీమీటరు రేకు 5 కిలోలకు మించదు. కింది ఇంటికి అది మేలే. కానీ స్లాబు బరువుతో గాలిని ఆపుతుంది, మందంతో ఎండను ఆలస్యం చేస్తుంది. రేకుకు ఆ రెండూ లేవు, వాటిని మనమే సమకూర్చాలి.

ముందు గాలి సంగతి. కట్టడాల మీద గాలి భారానికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైన్‌కు తీసుకోవాల్సిన గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకు 50. ఆ 50 అంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి. కప్పును అది నొక్కడం కన్నా పైకి పీకడమే ఎక్కువ, అంచుల్లో, మూలల్లో మరీను. పర్లిన్ల (రేకును మోసే అడ్డ ఇనుప కడ్డీల) దూరం మధ్యలో 4 అడుగులుంటే అంచుల్లో 2 అడుగులకు తగ్గించి, అక్కడ ప్రతి ముడతకూ స్క్రూ వేయించండి. స్క్రూ ముడత శిఖరం మీదే పడాలి, లోయలో వేస్తే నీళ్లు దిగుతాయి. రబ్బరు వాషర్ కొంచెం ఉబ్బగానే ఆపాలి. డ్రిల్లుతో బిర్రుగా తిప్పేస్తే అది నలిగి, ఎండకు పగిలి, కారుతుంది.

స్తంభాలు కింది పిల్లర్ల మీదే నిలబెట్టాలి, స్లాబు మధ్యలో కాదు. బేస్ ప్లేటు (స్తంభం అడుగు ఇనుప పలక) కింద 6 అంగుళాల దిమ్మె కట్టి, వాటర్‌ప్రూఫింగ్‌ను దాని మీదకు ఎక్కించండి. వెల్డింగు బదులు బోల్టులు వాడితే రేపు విప్పి వేరేచోట బిగించుకోవచ్చు.

ఇక వేడి. రేకు తెల్లదే తీసుకోండి. 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్‌ను (వేడిని ఆపే రాతి నారల పరుపు, సాంద్రత ఘనపు మీటరుకు 48 కిలోలు) పర్లిన్ల మధ్య కుక్కితే ఇనుము గుండా వేడి దిగుతూనే ఉంటుంది. పర్లిన్ల కింద, అతుకుల్లో సందు లేకుండా, కప్పు వాలులోనే పరవాలి. రాక్‌వూల్ మీది మెరిసే ఫాయిల్ పైకి ఉండాలి, దానికీ రేకుకూ మధ్యలో గాలి సందు, చూరు దగ్గరా శిఖరం దగ్గరా జాలీతో నోళ్లు. చాలామంది మేస్త్రీలు పిట్టలొస్తాయని ఈ నోళ్లను ఫోమ్‌తో మూసేస్తారు, ఒప్పుకోకండి. చలికాలం తెల్లవారుజామున రేకు అడుగున చెమ్మ పట్టి బొట్లు రాలతాయి. సందులో గాలి ఆడితేనే అవి ఫాయిల్ మీద ఆరిపోతాయి. లేదంటే ఫాయిల్ అతుకుల్లోంచి రాక్‌వూల్‌లోకి దిగుతాయి. తడిసిన రాక్‌వూల్ వేడిని ఆపదు.

పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య పాలీయురెథేన్ ఫోమ్ నింపిన పలక) వేస్తే పని త్వరగా అవుతుంది, వేడినీ బాగా ఆపుతుంది. కానీ దానికి నిప్పు అంటుకుంటుంది. పక్కన వంటగది ఉంటే రాక్‌వూలే నయం.

గోడలకు 8 మిల్లీమీటర్ల సిమెంటు ఫైబర్ బోర్డు రెండు వైపులా, మధ్యలో అదే రాక్‌వూల్. పడమటి గోడకు మాత్రం బయట వెదురు తడికో, తీగ పందిరో తప్పనిసరి.