టీములు తగ్గిపోతున్న ఫుట్‌సాల్ లీగ్‌ని చిన్నది చేసుకోవడం ఎలా

ముందే చెప్తున్నా, ఇది లీగ్‌ని పెద్దది చేసే చిట్కా కాదు. ఫుట్‌సాల్ అంటే చిన్న కోర్టులో ఐదేసి మంది ఆడే ఫుట్‌బాల్ లెండి. ఒడిశా బరంపురంలో రేకుల షెడ్డు కింద టర్ఫ్ మీద మేం 8 టీములతో మొదలెట్టాం, ఇచ్ఛాపురం నుంచి కూడా ఒక టీము బైకులేసుకుని వచ్చేది, మూడో ఏడుకి 5 మిగిలాయి. అప్పుడు మేం చేసిన బుద్ధితక్కువ పని ఏటంటే ప్రైజ్ మనీ పెంచాం. దానికి ఆశపడి ఒక టీము భువనేశ్వర్ నుంచి ఇద్దర్ని డబ్బులిచ్చి తెచ్చుకుని అందరినీ పదేసి గోల్స్ తేడాతో ఉతికేసింది, తర్వాతి వారం రెండు టీములు ఫోనే ఎత్తలేదు.

పెద్దోళ్ళకీ ఇదే జబ్బు. 2016లో మన దేశంలో రొనాల్డీన్యో, గిగ్స్ లాంటి ఫుట్‌బాల్ స్టార్లని తెచ్చి ప్రీమియర్ ఫుట్‌సాల్ అని పెట్టారు కదా, 2017లో రెండో సీజన్ ఆడారు, మూడోది లేదు. అమెరికాలో అరీనా ఫుట్‌బాల్ లీగ్ అని 1987 నుంచి ఉండేది (హెల్మెట్లు పెట్టుకుని ఆడే వాళ్ళ ఫుట్‌బాల్ లెండి, మనది కాదు), 2009 సీజన్ రద్దు, 2010లో మళ్ళీ లేచింది, 2018కి 4 టీములు, 2019తో మూత. 2024లో మళ్ళీ తెరిచినోళ్ళు ఏకంగా 16 టీములతో తెరిచారు, నెల తిరక్కుండానే కొన్ని జారిపోయాయి. 4 దగ్గర పడిపోయినోడు 16తో లేస్తాడా అండీ?

సరే, పనిలోకి వద్దాం. ముందు టీముల్ని కాదు మనుషుల్ని లెక్కెట్టండి. వాట్సాప్ గ్రూపులో 70 మంది ఉంటారు, అందులో సగం మంది సూరత్ మరమగ్గాల దగ్గరుంటారు, మా గంజాం జిల్లా వాళ్ళు చాలామంది పనికి అక్కడికే పోతారు. ఈ నెల ఊళ్ళో ఉన్నోళ్ళెవరో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రాసుకోండి, ఒడియా కుర్రోళ్ళకి ఒడియాలోనే వాయిస్ నోట్ పెట్టండి, తెలుగులో మెసేజ్ కొట్టి వదిలేస్తే చూడరు. కోర్టులో ఐదుగురే గానీ టీముకి ఊళ్ళో 8 మందైనా ఉండాలి. రూల్ ప్రకారం ముగ్గురి కంటే తగ్గితే మ్యాచే లేదు, 6 పేర్లున్న టీము అయితే ఒక్క పెళ్ళి ముహూర్తానికే ఆగిపోద్ది.

ఆ లెక్క చూసుకుని టీముల్ని కలిపేయండి. 5 మాత్రం ఉంచొద్దు, బేసి సంఖ్యయితే ప్రతి వారం ఒక టీము ఖాళీగా కూర్చుంటది, కూర్చున్నోడు క్రికెట్‌కి పోతాడు. 4 పెట్టుకోండి. కలిపేటప్పుడు ఏ పేరుంచాలన్న గొడవకే మాకు రెండు రాత్రులు పోయాయి, చివరికి రెండు పేర్లూ పీకేసి టీషర్టు రంగు పేరు పెట్టాం.

4 టీములు ఒకరితో ఒకరు రెండేసి సార్లు ఆడితే మొత్తం 12 మ్యాచులు. అసలు ఫుట్‌సాల్ 20 నిమిషాల హాఫ్‌లు, బంతి ఆగితే గడియారం ఆపాలి, దాంతో గంట దాటిపోద్ది. మీరు ఆపకుండా 15, 15 ఆడించండి, మధ్యలో 5, మార్చుకోడానికి ఇంకో 5, అంటే 40 నిమిషాలు, గంటన్నర స్లాట్‌లో రెండు మ్యాచులు పడతాయి. ఆరు రోజుల్లో లీగ్ అయిపోద్ది! సాయంత్రం స్లాట్లు బాక్స్ క్రికెట్ వాళ్ళు వదలరు, వాళ్ళతో పోటీకెళ్ళి రేటు పెంచుకోకండి, ఆదివారం పొద్దున్న 6కి అడగండి, టర్ఫ్ ఓనర్ ఎలాగూ ఖాళీగానే ఉంటాడు, పైగా ఎండెక్కాక ఆ రేకుల కింద ఎవడాడతాడు.

డబ్బులు టీము లెక్కన వసూలు చెయ్యొద్దు, కెప్టెనే జేబులోంచి పెట్టుకుని రెండో ఏడు మానేస్తాడు. మనిషికింత అని, ఆడిన రోజే తీసుకోండి. బయటోళ్ళు టీముకి ఒక్కరే, అదీ లీగ్ మొదలవ్వకముందే పేరిచ్చేయాలి.

తేదీలు మాత్రం జాగ్రత్త. ఫిబ్రవరి, మార్చిల్లో ప్లస్ టూ పరీక్షలు. రెండేళ్ళకోసారి మా ఊరి అమ్మవారి పండగ, ఠాకురాణి జాతర వస్తది, ఆ నెల్లాళ్ళూ ఊళ్ళో ఎవడూ దొరకడు. దసరాకి సూరత్ నుంచి కొందరు ఇంటికొస్తారు కాబట్టి అక్టోబరు బావుంటది గానీ 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపాన్లు రెండూ ఆ నెలలోనే కొట్టాయి, అందుకే ఒక ఆదివారం ఎక్స్‌ట్రా ఉంచుకోండి.

ఫైనల్ రోజే ఇంకోటి, బిబ్బులూ (టీము తెలిసేలా చొక్కా మీద వేసుకునే రంగు బనీన్లు) బంతులూ ఎవరింట్లో ఉంటాయో అందరి ముందూ చెప్పి ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. మావి ఇచ్ఛాపురంలో ఎవరి అటక మీదో ఉండిపోయి, ఎలకలు కొరికేశాక దొరికాయి.