సూపర్ హీరో సినిమాలంటే పడని మనిషికి డార్క్ నైట్ చూపించడం ఎలా

ముందు చెప్పేది ఒకటే, డార్క్ నైట్ బ్యాట్‌మ్యాన్ సినిమానే అయినా బ్యాట్‌మ్యాన్ అన్న మాట ఎత్తకండి. నేను ఎత్తి రెండేళ్ళు పోగొట్టుకున్నా. మా నాన్న ఒంగోల్లో బ్యాంకు క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు, బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌కి వచ్చినప్పుడల్లా ఈ సినిమా పెడతానంటే "ఆ గబ్బిలం వేషం వాడిదేగా, పిల్లలకి పెట్టుకోరా" అని పేపర్ తీసేవారు. ఈసారి తెలివొచ్చి "బ్యాంకు దోపిడీ సినిమా ఒకటుంది నాన్నా" అన్నా, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. అబద్ధమేం కాదు, టైటిల్‌లో బ్యాట్‌మ్యాన్ పేరే లేదు, మొదలయ్యేది కూడా దోపిడీతోనే. జోకర్ మాస్కులేసుకున్న దొంగలు వాటా మిగులుతుందని ఒకళ్ళనొకళ్ళు లేపేసుకుంటూ పోతారు, మధ్యలో మేనేజర్ గన్ తీసి కాలుస్తాడు. నాన్న వెంటనే "మేనేజరే తుపాకీ తీశాడంటే అది సర్కారు డబ్బు కాదురా" అన్నారు. కరెక్టే, అది మాఫియా డబ్బు. అక్కడే సగం పని అయిపోయింది నాకు.

మీ ఇంట్లో వాళ్ళకి బ్యాంకులు పట్టకపోతే పోలీసు కథ అనో కోర్టు కథ అనో చెప్పండి, అదీ నిజమే. 2005లో వచ్చిన ముందు భాగం చూపించాల్సిన పన్లేదు, "చిన్నప్పుడు అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న డబ్బున్నోడు, రాత్రిళ్ళు ముసుగేసుకుని తిరుగుతాడు, గోర్డన్ అనే నిజాయితీ గల పోలీసు లోపాయికారీగా వాడితో పనిచేస్తాడు" అంటే చాలు.

ఇక టైమ్. సినిమా 152 నిమిషాలు, అందుకని ఎనిమిదిన్నరకల్లా భోజనాలు కానిచ్చేసి మొదలుపెట్టండి. సినిమా నడిచేటప్పుడు మాత్రం ఫుడ్ ఆర్డర్ పెట్టొద్దు. మొదటిసారి రూమ్మేట్స్‌కి చూపించినప్పుడు నేను బిర్యానీ పెట్టా, హీరో ప్రేమించే రేచల్‌నీ ఇంకో మనిషినీ ఎక్కడెక్కడ బంధించారో లాకప్‌లో విలన్ జోకర్ అడ్రస్‌లు చెప్తున్న సీన్‌కి సరిగ్గా ఫోనొచ్చింది, "సార్ మూడో క్రాసా నాలుగో క్రాసా" అని. సినిమాలో అడ్రస్‌లు తారుమారయ్యే చోటే అందరూ అది మిస్సయ్యారు, తర్వాత గంటసేపు "అదేంటి, వాడు రేచల్ కోసం కదా వెళ్ళాడు" అని నా ప్రాణం తీశారు.

సబ్‌టైటిల్స్ ఆన్ చెయ్యండి, హీరో ముసుగేసుకోగానే గొంతు ఎలాగో మార్చి మాట్లాడతాడు, నాకే కొన్ని మాటలు అర్థం కావు. సౌండ్ మాత్రం కాస్త పెంచండి. జోకర్ వచ్చే ముందు ఒకే స్వరం తీగ బిగించినట్టు సాగుతూ ఉంటుంది, టీవీ స్పీకర్‌లో అది దోమ రొదలా వినిపిస్తుంది కాబట్టి ఎవర్నైనా బతిమాలి ఒక సౌండ్‌బార్ తెచ్చుకోండి.

మనవాళ్ళకి ఇంటర్వెల్ లేకపోతే కుదరదు, దాన్ని మీరే పెట్టాలి. రోడ్డు మీద పెద్ద లారీ నిలువునా పల్టీ కొట్టి (అది గ్రాఫిక్స్ కాదు, షికాగోలో నిజం లారీనే పల్టీ కొట్టించారు, ఈ ముక్క నాన్నలకి బాగా పనిచేస్తుంది) జోకర్ దొరికిపోతాడు, చచ్చిపోయాడనుకున్న గోర్డన్ ఇంటికెళ్తే పెళ్ళాం లెంపకాయ కొడుతుంది, అక్కడ ఆపండి. అందరూ కథ అయిపోయిందనుకుంటారు. టీ తాగి వచ్చాక అసలు సినిమా మొదలవుతుంది.

ఇంతకీ చూసేవాళ్ళ చూపు ఎటు తిప్పాలంటే, బ్యాట్‌మ్యాన్ వైపు కాదు, జోకర్ వైపూ కాదు, వాణ్ణి ఎవరైనా చూస్తారు. హార్వీ డెంట్ అనే లాయరు చేతిలో ఉన్న నాణెం చూడమనండి, ఎందుకో మాత్రం చెప్పకండి. మొదట్లో దానికి రెండు వైపులా బొమ్మే, అంటే అదృష్టం నాటకం, నిర్ణయం ముందే అయిపోయి ఉంటుంది. తర్వాత ఒక వైపు కాలిపోతుంది, అప్పట్నుంచి అది నిజంగానే బొమ్మా బొరుసూ. ఊరంతా దేవుడనుకున్న మనిషి ఎలా పడిపోయాడన్నదే ఈ కథ, నన్నడిగితే గబ్బిలం మనిషి ఇందులో సాక్షి మాత్రమే.

మన సినిమాల్లో విలన్ ఎందుకలా అయ్యాడో ఒక ఫ్లాష్‌బ్యాక్ పడుతుంది కదా, ఇక్కడ జోకర్ మూతి మీది గాట్ల గురించి ఒకసారి తండ్రి కథ చెప్తాడు, ఇంకోసారి పెళ్ళాం కథ చెప్తాడు, రెండూ పొసగవు. నాన్న రెండోది వినగానే "వీడు లోను అడగడానికొచ్చే బాపతు" అన్నారు. లాకప్ సీన్‌లో కూడా హీరో కొట్టేకొద్దీ వాడు నవ్వుతాడు, అంత బలం ఉండి ఏం చెయ్యలేకపోవడం చూసి నాన్న టీ గ్లాసు కింద పెట్టడం మర్చిపోయారు.

హాంగ్‌కాంగ్ భాగం కొంచెం సాగుతుంది, ఎవరైనా బాత్రూమ్‌కెళ్ళాలంటే అప్పుడు పంపండి. ఒక పడవలోవాళ్ళు రెండో పడవని పేల్చాలా వద్దా అనే సీన్ నాకైతే కాస్త నీతిపాఠంలా అనిపిస్తుంది. ఊళ్ళో ఫోన్లన్నిటినీ మైకుల్లా వాడి మనిషిని పట్టుకునే ఐడియా దగ్గర మాత్రం మా సాఫ్ట్‌వేర్ బ్యాచ్ కొట్టుకుంది, ఆపలేకపోయా.

జోకర్ వేషం వేసిన హీత్ లెడ్జర్ సంగతి ముందే చెప్పి జాలి పుట్టించకండి. 2008 జనవరిలో 28 ఏళ్ళకే పోయాడు, సినిమా జులైలో వచ్చింది, మరుసటేడు ఆస్కార్‌ని ఇంట్లోవాళ్ళు వెళ్ళి తీసుకున్నారు. పేర్లు పడేటప్పుడు చెప్పండి, మళ్ళీ మొదట్నుంచి పెట్టమంటారు.

నాన్న అది అడగలేదు. చివర్లో డెంట్ చేసిన హత్యలు హీరో తన మీద వేసుకుని పరిగెడుతుంటే గోర్డన్ కొడుకు "ఆయనేం తప్పు చెయ్యలేదు కదా" అంటాడే, అక్కడ ఆగిపోయారు. "ఆ పిల్లాడికి నిజం తెలుసు కదరా, రేపు బడిలో అందరూ ఆయన్ని తిడుతుంటే వాడేం చేస్తాడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, టీవీ కట్టేసి ఇద్దరం పక్కలు వేసుకున్నాం, లైటార్పాక మళ్ళీ అడిగారు.