తిరుపతి పాత వీధిని గడప గడపగా కాగితం మీదికి ఎక్కించడం ఎలా?

పాత ఊరి ముచ్చట్లు మొదలైతే తేరు వీధి, కర్నాల వీధి, కోనేరు చుట్టూ ఉన్న సందులన్నీ ఒక్క గంటలో తిరిగేస్తాం. తీరా రాసుకుందామని కూర్చుంటే చేతిలో మిగిలేది నాలుగు పేర్లూ రెండు వాదులాటలూ. ఆ అంగడి ఎప్పుడుండేదని అడగడంతోనే వస్తుంది చిక్కు. మనుషులకు సంవత్సరం గుర్తుండదు, పక్కిల్లు గుర్తుంటుంది. కాబట్టి ముందు గడపల వరుస తేల్చండి, ఏళ్లు తర్వాత చూసుకోవచ్చు.

ఊరంతా నెత్తికెత్తుకోకుండా ఒక్క వీధిలో 80 మీటర్ల ముక్క పట్టుకోండి. ఏ3 గ్రాఫ్ కాగితం మీద 2 మీటర్లకు 1 సెంటీమీటరు చొప్పున గీస్తే అది 40 సెంటీమీటర్లలో సరిపోతుంది. 30 మీటర్ల టేపు, ఇద్దరు మనుషులు చాలు. తెల్లవారుజామున, అంగళ్లు తెరవకముందే కొలవండి. కొలత మొదలుపెట్టేది కదలని చోటు నుంచి కావాలి: గోపురం మూల, ప్రాకారం గోడ, కోనేటి మెట్టు. అంగడి ముందు అంచు నుంచి మొదలుపెట్టారో, రోడ్డు వెడల్పు చేసిన ప్రతిచోటా లెక్క తప్పుతుంది. ఆ అంచు ఎప్పుడో వెనక్కి పోయి ఉంటుంది. ప్రతి గడపకూ ముఖం వెడల్పు రాయండి. ఇప్పటి వీధి గీసిన కాగితం అడుగున ఉండాలి. దాని మీద ఒక్కో కాలానికి ఒక్కో ట్రేసింగ్ కాగితం పరచండి. మూడు కాలాలు చాలు, పదేళ్లకొకటి అంటే పని తెమలదు.

ఇక పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం. మన ఊళ్లో పెద్దలు ఉత్తరం, దక్షిణం అనడం తక్కువ, కొండ పక్క అంటారు. కొండ ఉత్తరాన ఉంది కాబట్టి కాగితాన్ని కూడా అలాగే తిప్పి పెట్టండి. లేకపోతే వీధి మొత్తం తిరగబడుతుంది, అది పది గడపలు రాశాక గానీ తెలియదు. అడిగే తీరు ఇలా ఉండాలి: “అవ్వా, మీ తిన్నె మీద కూర్చుంటే ఎదురుగా ఏముండేది? దానికి కొండ పక్క ఎవరుండేవాళ్లు?” గంగమ్మ జాతరలో వాకిలి వాకిలికీ తిరిగే వేషాలు మంచి ఆధారం. “దొర వేషం మీ వాకిలి దాటి ఎవరి వాకిటికి పోయేది?” అంటే నాలుగైదు గడపలు వరుసగా వచ్చేస్తాయి. ఇద్దరిని ఒకేసారి కూర్చోబెట్టొద్దు. గొంతు పెద్దదైన వాళ్ల మాటే రెండోవాళ్ల జ్ఞాపకమైపోతుంది. విడివిడిగా అడిగి, తర్వాత కలపండి.

ఏళ్లు పట్టుకోవడానికి ఊరికి తెలిసిన సంగతులు వాడండి: మొదటి ఘాట్ రోడ్డు (1944), శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (1954), ఎన్టీఆర్ తిరుపతి నుంచి పోటీ చేసిన ఎన్నికలు (1983). “రామారావు నిలబడ్డప్పటికి ఆ కాఫీ క్లబ్బు ఉండిందా, మూసేసినారా?” అన్నదానికి జవాబు వస్తుంది. ధరల లెక్కతో జాగ్రత్త. నయా పైసలు 1957లో వచ్చినా, నోటి లెక్కలో అణాలు చాలా కాలం పోలేదు. “రెండణాలకు దోసె” అన్నంత మాత్రాన అది 1957కు ముందని రాసేయొద్దు.

అసలు బంగారం పాత దస్తావేజుల చెక్కుబందీలో ఉంటుంది. తూర్పు ఎవరిల్లు, పడమర ఏ సందు అని నాలుగు పక్కలూ రాసి ఉంటాయి గనుక ఒక్క కాగితం చుట్టుపక్కల ఇళ్ల పేర్లూ ఇస్తుంది. ఒకే వరుసలో ఒకటి విడిచి ఒకటి చొప్పున దస్తావేజులు దొరికినా వీధి చాలావరకు అల్లుకుంటుంది. 1911కు ముందువైతే ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా అని ఉంటుంది, వేరే ఊరిదని పక్కన పెట్టకండి. డోర్ నంబర్లు మారి ఉంటాయి కాబట్టి వాటిని నమ్మి గడపలు కలపొద్దు. పాతది, కొత్తది రెండూ రాసి, చెక్కుబందీతోనే సరిచూడండి. విస్తీర్ణం అంకణాల్లో ఉంటే ఆ దస్తావేజులో అడుగుల లెక్క ఉందేమో చూడండి. 36 చదరపు అడుగుల అంకణం ఉంది, 72ది కూడా ఉంది.

అయితే మొదటి రోజే కాగితాలు చూపించమని అడిగితే తలుపు మూసుకుంటుంది. టేపు కనిపిస్తేనే రోడ్డు వెడల్పు చేస్తారేమో, భాగాల గొడవేమో అనుకుంటారు, అందులో తప్పేం లేదు. ముందు మీరు గీసింది చూపించండి. దస్తావేజు ఫొటో తీయొద్దు, చెక్కుబందీ నాలుగు వరుసలు మాత్రం రాసుకోండి.

ఫొటోల కాలం తేల్చడానికి మనుషుల కంటే వెనకున్న బోర్డులు, బండ్లు పనికొస్తాయి. బోర్డు మీద 517501 ఉంటే 1972 ఆగస్టు తర్వాతదే, పిన్‌కోడ్లు వచ్చింది అప్పుడే. 08574 ఫోను కోడు 0877 కంటే పాతది. చిత్తూరు జిల్లా నంబరు ఏపీ 03 ఉన్న బండి కనిపిస్తే 1989కి ఇటువైపు. ఆల్బంలో అతుక్కున్న ఫొటోను పీకితే పై పొర ఊడుతుంది. ఆల్బంతో సహా నీడలో, ఫ్లాష్ లేకుండా తీయండి. విడిగా ఉన్నవి 600 డీపీఐలో స్కాన్ చేయండి. వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలే. బాల్ పెన్ గీత ముందువైపు ఉబ్బుతుంది.

ఇళ్ల లోపలికి వెళితే తిన్నె, నడవ, పడసాల, వంటిల్లు, పెరడు, బావి ఎలా వరుసలో ఉన్నాయో ఒక గీత గీస్తే చాలు, మద్రాసు మిద్దె (దూలాల మీద ఇటుకలు పేర్చి వేసిన పైకప్పు) ఉంటే దూలాలు లెక్కపెట్టండి. బడి సంగతికి హెడ్మాస్టరు అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టరు చూడొచ్చు, కానీ పిల్లల పేర్లు బయటపెట్టకండి. బతికున్నవాళ్ల పేరు, అప్పులు, కులం, తగవులు పటం మీదికి రాకూడదు.

ఇద్దరు రెండు మాటలు చెప్పినచోట తీర్పు చెప్పొద్దు. రెండూ పెన్సిల్‌తో రాసి, ఎవరు ఏ గడపలో పెరిగారో పక్కన పెట్టండి. చాలాసార్లు ఇద్దరిదీ నిజమే అవుతుంది: అదే పేరున్న అంగడి వీధి దాటి అవతలి పక్కకు మారి ఉంటుంది. అంగడి పేరు కింద ఓనరూ బాడుగదారూ ఎవరో విడిగా రాస్తే ఈ చిక్కు సగం తీరుతుంది.

చిత్తు ప్రతి తయారయ్యాక ఇంట్లో దాచుకోకుండా, మే నెలలో జాతరకు ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే రోజుల్లో వీధిలోని టీ అంగడి గోడకు అంటించండి. పక్కనే దారానికి ఒక పెన్సిలు కట్టి వదిలేయండి. దిద్దుబాట్లకు ఆ వారం పడుతుంది.