ఆదివారం మటన్, బుధవారం మీల్ మేకర్, మధ్యలో సీఆర్పీ

మా ఆయన రక్తం నేనే తీశాను. ఇరవై రెండేళ్లుగా కరీంనగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో నా పని అదే. రిపోర్టులో సీఆర్పీ, అంటే ఒంట్లో వాపును చూపే పరీక్ష, 14.2 అని చూడగానే ముందు కోపం వచ్చింది, భయం తర్వాత వచ్చింది. ఆదివారం మటన్, సోమవారం మిగిలిన మటన్, వారం మధ్యలో దోస్తుల దావత్‌లో బోటి. "చూడు, నీ మటనంతా నీ రక్తంల కనపడుతుంది" అని దులిపేశాను. ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుంటే ముద్దంతా కుడివైపే నములుతున్నాడు. నోరు తెరిపించి చూస్తే ఎడమవైపు వెనక పన్ను దగ్గర చిగురు ఉబ్బి చీము పట్టి ఉంది. రోజూ పదిమందికి "జ్వరం, జలుబు ఏమన్నా ఉన్నాయా" అని అడిగే నేను ఇంట్లో మనిషిని అడగలేదు.

అందుకే తిండి మార్చి ఇన్‌ఫ్లమేషన్ (ఒంటి లోపలి వాపు) తగ్గుతుందేమో చూడాలనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి సంగతి కూర గురించి కాదు, పరీక్ష గురించి.

సీఆర్పీ కాలేయం తయారుచేసే ప్రొటీన్. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా, క్రిమి దూరినా ఇది గంటల్లో పెరుగుతుంది. కాలు బెణికితే వచ్చే వాపు కంటికి కనిపిస్తుంది, నాలుగు రోజుల్లో పోతుంది. తిండి, బరువు, సిగరెట్, నిద్రలేమి వల్ల వచ్చేది నివురుగప్పిన నిప్పు. బయటికి ఏమీ తెలియదు. దాన్ని చూడాలంటే మామూలు సీఆర్పీ చాలదు, చిన్న మార్పును కూడా పట్టే హెచ్‌ఎస్ సీఆర్పీ అని అడిగి చేయించుకోవాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండెకు ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే ఎక్కడో ఇన్‌ఫెక్షనో దెబ్బో ఉందేమో వెతకాలి, అది తగ్గాక మళ్లీ చేయించుకోవాలి. ఒక్కసారి చూసి వదిలేయకుండా రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి సగటు తీసుకోండి.

రిపోర్టులో అంకె పక్కన యూనిట్ కూడా చూడండి. కొన్ని ల్యాబులు డెసీలీటరుకు ఇస్తాయి. అక్కడ 0.5 అంటే లీటరు లెక్కలో 5. "0.5 మాత్రమే, నార్మలే" అని సంబరంగా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నవాళ్లను నేను చూశాను.

పన్ను పీకించి, పుండు మానాక మా ఆయనకు వచ్చినవి 4.1, 3.8. అప్పుడు మొదలుపెట్టాం.

మాంసానికీ దీనికీ లింకు ఎంత? జనం అనుకునేంత సూటిగా లేదు. అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో రెడ్ మీట్ ఎక్కువ తినేవాళ్లలో సీఆర్పీ ఎక్కువగా కనిపించింది గానీ, శరీర బరువును లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా చాలావరకు పోయింది. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు ఊరికే ఉండదు, ఐఎల్-6 అనే సంకేతాన్ని విడుదల చేస్తుంది. అది అందగానే కాలేయం సీఆర్పీ తయారుచేస్తుంది. అంటే మటన్ ముక్క కంటే మటన్ పేరు మీద లోపలికి పోయే బగారా అన్నం మూడో వడ్డన, పైన తేలే నూనె ఎక్కువ పని చేస్తున్నాయన్నమాట.

ప్యాకెట్లో వచ్చే మొక్కల మాంసం సంగతి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మందికి ఎనిమిది వారాలు మామూలు మాంసం, ఎనిమిది వారాలు మొక్కల మాంసం ఇచ్చి చూశారు. తొలి ఫలితాలు 2020లో వచ్చాయి. మొక్కల మాంసం తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ తగ్గింది, బరువు కొంచెం తగ్గింది, గుండెజబ్బుతో సంబంధం ఉందని అనుమానిస్తున్న టీఎంఏఓ కూడా తగ్గింది. తర్వాత 2022లో వెలువడిన ఇన్‌ఫ్లమేషన్ సూచికల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ అధ్యయనానికి డబ్బిచ్చింది ఆ సరుకు తయారుచేసే బియాండ్ మీట్ కంపెనీయే. అయినా ఇన్‌ఫ్లమేషన్ తగ్గిందని చూపించలేకపోయారు కాబట్టి నాకు ఆ ఫలితం మీద నమ్మకం కుదిరింది.

అందుకని మేం మాంసం మానలేదు, వారంలో మూడు పూటలు మార్చాలనుకున్నాం. ఏది తీసేస్తున్నామో రాసుకుని, దాని స్థానంలో ఏం పెడుతున్నామో కూడా రాసుకోండి. మటన్ తీసేసి ఆలుగడ్డ వేపుడు పెడితే మార్పు చేసినట్టు కాదు. మా వీధిలో పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని పెద్దమ్మకు హెచ్‌ఎస్ సీఆర్పీ మా ఆయన కంటే ఎక్కువ. సాయంత్రం నాలుగైతే ఆమెకు మిర్చి బజ్జీ ఉండాల్సిందే.

ముందుగా పోవాల్సినవి సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే వీటిని క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. మా ఇంట్లో పిల్లల కోసం ఫ్రీజర్‌లో ఉండే చికెన్ సాసేజ్ ప్యాకెట్టే మొదట పోయింది. తర్వాత సోమవారం మిగిలిన మటన్. దానికి మార్గం మహా తేలిక: కిలో బదులు ముప్పావు కిలో తేవడం. మూడోది దావత్ బోటి. అక్కడ నా మాట చెల్లలేదు.

బుధవారం మీల్ మేకర్. సోయా పిండిలోంచి నూనె తీసేశాక మిగిలినదాంతో చేస్తారు కాబట్టి ఎండుగా 50 గ్రాములు తీసుకుంటే దాదాపు 25 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, ఒక మనిషికి ఆ పూటకు చాలు. పనసకాయ కూర ముక్క కొరికితే అచ్చం మటన్‌లా ఉంటుందిగానీ అందులో ప్రొటీన్ పెద్దగా లేదు. పనస చేసిన రోజు పక్కన పప్పు తప్పనిసరి.

మీల్ మేకర్ వాసన వస్తుందని మూలన పడేసేవాళ్లు చాలామంది. తప్పు వండే పద్ధతిలో ఉంది. నీళ్లు తెర్లుతుండగా కాస్త ఉప్పేసి ఐదు నిమిషాలు ఉడికించండి. దించి చల్లనీళ్లలో వేసి గుప్పిట్లో గట్టిగా పిండండి. తెల్లటి నురగ నీళ్లు వస్తాయి, ఆ వాసనంతా అందులోనే. రెండోసారి నీళ్లు పోసి పిండండి, మూడోసారి కూడా. నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపొద్దు. అప్పుడు ముక్క ఎండిన స్పాంజిలా ఖాళీగా ఉంటుంది, ఏది పోస్తే అది పీల్చుకుంటుంది. పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, పసుపు పట్టించి అరగంట పక్కన పెట్టండి. ఉల్లిగడ్డ రెండు చెంచాల నూనెలో ఎర్రగా వేగాక, మటన్‌కు నూరే మసాలానే, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు, లవంగం, చెక్క నూరి వేసి నీళ్లు పోసి మూతపెట్టండి. మొదటి బుధవారం రెండుసార్లే పిండాను. మా ఆయన ఒక ముక్క తిని "ఇది ఎవరు తినాలె?" అన్నాడు. మూడో బుధవారం ఇంకో గంటె అడిగాడు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సోయా ఆ మందును ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడుతుంది. పొద్దున పరగడుపున మాత్ర, సోయా మధ్యాహ్నమో రాత్రో.

ప్యాకెట్ కబాబ్ కొంటే వెనక సోడియం చూడండి. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. నేను తెచ్చిన ప్యాకెట్‌లో 100 గ్రాములకు 640 మిల్లీగ్రాములు ఉంది, అంటే ఉప్పు 1.6 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజు మొత్తానికి చెప్పే హద్దే 5 గ్రాములు. పైగా మూకుడు నిండా నూనెలో వేయించాలని దాని మీదే రాసి ఉంది. మళ్లీ కొనలేదు.

ఆదివారం మటన్ మాత్రం ఉంది. బొగ్గుల మీద నల్లగా కాల్చినా, నూనెలో మాడేదాకా వేయించినా ఇన్‌ఫ్లమేషన్‌తో సంబంధం ఉందనుకునే ఏజీఈలు అనే పదార్థాలు ఎక్కువ పుడతాయి. నీళ్లలో ఉడికే కూరలో తక్కువ. వండేముందు ముక్కలకు నిమ్మరసం పట్టిస్తే ఇంకా తగ్గుతాయి. కాబట్టి షోరువా పెట్టుకోండి, వేపుడు ఎప్పుడో ఒకసారి. పసుపు గురించి అందరూ అడుగుతారు. అందులోని కర్‌క్యుమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, మిరియాలతో కలిస్తే బాగా పడుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అయితే వాళ్లు వాడింది మోతాదు కొలిచిన కర్‌క్యుమిన్. కూరలో వేసే అర చెంచా పసుపు రుచికీ రంగుకీ, మందుగా లెక్కేయకండి.

కీళ్లవాతానికి మందులు వాడేవాళ్లు తిండి మార్చామని మందు ఆపకూడదు. కిడ్నీ ఇబ్బంది ఉంటే ప్రొటీన్ ఎంతో డాక్టర్‌నే అడగండి. మాంసం, గుడ్డు, పాలు అన్నీ మానేసేవాళ్లకు బీ12 మాత్ర తప్పదు.

ఎనిమిది వారాల తర్వాత నోరు తెరిపించి చూసి, జలుబు లేదని తేల్చుకుని మళ్లీ రక్తం తీశాను. 3.1. బరువు 84 నుంచి 81.5కి వచ్చింది. ఆ అంకెను మీల్ మేకర్ ఖాతాలో వేయమంటే నేను వేయను. సీఆర్పీ ఏ కారణమూ లేకుండానే అంత అటూ ఇటూ ఊగుతుంది, తగ్గిన రెండున్నర కిలోలు కూడా తమ వంతు అడుగుతాయి. ఇంకో రెండు వారాలకు రెండో శాంపిల్ తీయాలి. ఆ తారీఖు క్యాలెండర్ మీద రాసిపెట్టాను. దానికి ముందురోజే వాళ్ల దోస్తు కొడుకు పెళ్లి దావత్ ఉందని మా ఆయన నిన్న మెల్లగా చెప్పాడు. తారీఖు కొట్టేసి ఇంకో వారం తర్వాతికి జరిపాను.