రైల్లో కుట్టుపనికి దారం ఇలా సిద్ధం చేసుకోండి
మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడ వెళ్లే రైల్లో కిటికీ పక్కన సీటు దొరికితే ఎంబ్రాయిడరీకి అంతకన్నా మంచి సమయం లేదు. దారాన్ని ఇంట్లోనే మూరెడు ముక్కలుగా కత్తిరించుకోండి. అంతకు మించితే గుడ్డలోంచి లాగినప్పుడల్లా ఒరుసుకుని నూగు లేస్తుంది, ముడిపడుతుంది. ఆరు పోగుల దారంలోంచి ఒక్కో పోగునే విడిగా లాగి, తర్వాత కావలసినన్ని కలపండి. రెండు పోగులు ఒకేసారి లాగితే చిక్కుపడతాయి. కుదుపుల్లోనూ గొలుసు కుట్టు, కాడ కుట్టు చక్కగా సాగుతాయి. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ మహిళలు కుట్టే అద్దాల పని నాకు ప్రాణం, కానీ అది ఇంట్లోనే చేయాలి. అద్దం మీద వేసే తొలి అడ్డకుట్లు బిగువుగా పడకపోతే అద్దం జారిపోతుంది. పని ఆపగానే గుడ్డను, దాన్ని బిగించి పట్టే గుండ్రటి ఫ్రేములోంచి తీసేయండి, లేకపోతే గుండ్రటి ముద్ర పడుతుంది.