చెప్పకుండా డబ్బు కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్లను పట్టుకోవడం

యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ కూడా ఆగిపోతుందనుకుంటారు చాలామంది. ఆగదు. స్టోర్ ఖాతాలో మీరిచ్చిన అనుమతి అలాగే ఉంటుంది, డబ్బు పోతూనే ఉంటుంది.

ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ ఫొటో నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లోకి వెళ్లండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌, అందులో మీ పేరు, ఆ కింద ‘సబ్‌స్క్రిప్షన్స్’. ఫోన్లో రెండు ఈమెయిల్ ఖాతాలుంటే రెండింటిలోనూ చూడాలి. ఎప్పుడో వదిలేసిన పాత ఖాతాలోనే ఏదో ఒకటి నక్కి ఉంటుంది.

వెబ్‌సైట్లో నేరుగా కార్డు నంబరు కొట్టి తీసుకున్నవి ఇక్కడ కనిపించవు. వాటికి బ్యాంకు స్టేట్‌మెంటే దిక్కు. మూడు నెలలది చాలదు. ఏడాదికోసారి కట్ అయ్యేవి దొరకవు కాబట్టి 13 నెలలది దించుకుని, ఒకే పేరు మళ్లీ ఎక్కడ వచ్చిందో చూడండి.

ఫ్రీ ట్రయల్‌ది వేరే తలనొప్పి. ఐఫోన్‌లో గడువుకు కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి. చివరి రాత్రి గుర్తొస్తే లాభం లేదు. ట్రయల్ మొదలుపెట్టిన నిమిషంలోనే, గడువుకు రెండు రోజుల ముందు మోగేలా రిమైండర్ పెట్టేయండి.

రద్దయ్యాక ముగింపు తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ దాచుకోండి. కార్డు బ్లాక్ చేసి ఊరుకోవడం మాత్రం రద్దు కిందకు రాదు. కొన్నిచోట్ల కొత్త కార్డు వివరాలు వాటంతటవే ఆ సబ్‌స్క్రిప్షన్ కంపెనీకి చేరిపోతాయి.